మహమ్మారి కాలమున పరిచారకులకు పరిచర్య

చికిత్స నాలుగు పాదములపై నిలుచునని ఆయుర్వేదము చెప్పుచున్నది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అనునవి ఆ నాలుగు పాదములు. మంచమునకు నాలుగు కోళ్ళు ఎట్లో చికిత్సకు ఈ నాలుగు అట్లు. ఒక కోడు విరిగినచో మిగిలిన మూడు ఎంత గట్టివైనను మంచము ఒరిగిపోవును. చరక సంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము ఈ విషయమునే బోధించును. మా గురుకులమున ఈ అధ్యాయమును కంఠస్థము చేసి ఒప్పజెప్పిన పిమ్మటనే ఆచార్యులు మమ్ములను రోగి నాడి పట్టనిచ్చెడివారు.

అయినను మహమ్మారి మాట వచ్చినప్పుడు మన ఇండ్లలో అందరును ఔషధమును గూర్చియే అడుగుదురు. "శాస్త్రిగారూ, ఏ కషాయం తాగితే ఇది రాకుండా ఉంటుంది?" అని 2020వ సంవత్సరమున నన్ను అడిగినవారు ఎందరో. ఆసుపత్రిలో నర్సమ్మ నిన్న రాత్రి ఎంతసేపు నిద్రపోయినది అని అడిగినవారు ఒక్కరును లేరు. నేనును అడుగలేదు. ఆ లోపమును ఒప్పుకొనుచు ఈ పాఠమును వ్రాయుచున్నాను.

శాస్త్రము చేసిన హెచ్చరిక

ఊళ్ళకు ఊళ్ళు ఒకే వ్యాధితో క్షీణించుటను చరకుడు జనపదోద్ధ్వంసము అనెను. విమానస్థానము మూడవ అధ్యాయము దీనిని వివరించును. మనుష్యుల ప్రకృతి, ఆహారము, బలము, వయస్సు వేరువేరుగా ఉన్నను, వాయువు, జలము, దేశము, కాలము అను నాలుగు అందరికిని ఉమ్మడివి. అవి చెడినప్పుడు వ్యాధియు అందరికి ఉమ్మడియగును. ఇక సుశ్రుతుడు నిదానస్థానమున, కొన్ని రోగములు స్పర్శ వలనను, నిశ్వాసము వలనను, సహభోజనము వలనను, ఒకే శయ్యను, వస్త్రమును వాడుట వలనను ఒకరినుండి ఒకరికి సోకునని స్పష్టముగా చెప్పెను. రోగి నిశ్వాసమునకు అందరికంటె దగ్గరగా, అందరికంటె ఎక్కువసేపు ఉండువారు ఎవరు? పరిచారకులే. కనుక సంక్రమించు వ్యాధి మొదట పరీక్షించునది ఆ పాదమునే.

జనపదోద్ధ్వంస అధ్యాయమున గమనింపదగిన విశేషము మరియొకటి గలదు. గంగాతీరమున శిష్యులతో సంచరించుచున్న ఆత్రేయ మహర్షి అగ్నివేశునకు మొట్టమొదట చికిత్సను చెప్పలేదు. ఉపద్రవము రాకమునుపే, భూమి సారము తరిగిపోకమునుపే ఓషధులను సేకరించి ఉంచుకొనుమని చెప్పెను. అనగా మొదటి ఉపదేశము ముందు జాగ్రత్త. ఓషధులకే ఇంత జాగ్రత్త కావలసినప్పుడు మనుష్యులకు ఎంత కావలెను? ఉసిరి ఒక ఋతువులో దొరకకున్న మరుసటి ఋతువున దొరకును. నర్సు కావలెనన్న మూడు నాలుగు సంవత్సరముల చదువు, వైద్యుడు కావలెనన్న అయిదున్నర సంవత్సరముల చదువు అవసరము. వ్యాధి ప్రబలిన పిమ్మట పక్షము దినములలో వారిని తయారుచేయుట ఎవరి తరమును కాదు.

మన ప్రాంతపు అనుభవము

మన బందరుకు ఈ విషయమున పాత సంబంధమే ఉన్నది. బందరున జన్మించిన వైద్యరత్న దీవి గోపాలాచార్యులవారు బెంగుళూరున ప్లేగు చెలరేగిన దినములలో రోగులకు చికిత్స చేసి కీర్తి గాంచిరి. హైమాదిపానకము, శతధౌత ఘృతము వారు వాడిన ఔషధములు. ఊరు విడిచి జనము పారిపోవుచున్న కాలమున రోగి చెంతకు పోయిన వైద్యుడాయన. అట్టివారు అప్పుడును కొద్దిమందియే.

1918వ సంవత్సరమున విషజ్వరము, అనగా ఇన్‌ఫ్లుయెంజా, మన దేశమున కోటి మందికి పైగా బలిగొన్నది. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధము నడుచుచుండుటచే ప్రభుత్వ వైద్యాధికారులలో అనేకులు యుద్ధరంగములకు పంపబడియుండిరి. వ్యాధి పెద్దది, చేతులు తక్కువ. ఆ సంవత్సరము నేర్పిన పాఠము అదియే.

నేను గురుకులమున చదువుచుండగా 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినది. అది మహమ్మారి కాదు. కాని జనపదోద్ధ్వంసమే. నీరు తీసిన పిమ్మట అంటువ్యాధుల భయముతో మా ఆచార్యులు మమ్ములను వెంటబెట్టుకొని అవనిగడ్డ వైపు వెళ్ళిరి. మేము మందుల పెట్టె తెరువబోగా వారు వారించి, ముందు పెద్ద కాగుతో గంజి కాయించి, శవములను మోయుచున్న యువకులకును, సూదులు వేయుచున్న ఆరోగ్య కార్యకర్తలకును పోయించిరి. "ముందు మోసేవాడి కడుపు చూడండిరా. వాడు కూలబడితే ఇంకెవడు మోస్తాడు?" అనిరి. ఆ మాట అప్పుడు విని ఊరుకొంటిని. దాని అర్థము నాకు నలుబది మూడు సంవత్సరములకు గాని తెలియలేదు.

2020లో వైద్య సిబ్బంది ఎట్లు తరిగిరి?

2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలయినది. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి రాష్ట్రస్థాయి కోవిడ్ ఆసుపత్రిగా మార్చబడినది. బందరు, గుడివాడ, దివిసీమ ప్రజలకు పెద్ద జబ్బు వచ్చినప్పుడు దిక్కు విజయవాడయే. కనుక ఆ పెద్ద ఆసుపత్రి ఒక్క వ్యాధికే అంకితమైనప్పుడు మన చిన్న ఆసుపత్రులపై మిగిలిన వ్యాధులన్నిటి భారమును పడినది.

భారము పెరిగినంత మాత్రమున సిబ్బంది పెరుగరు. పైగా తరుగుదురు. ఎట్లనగా, కొందరికి వ్యాధి సోకును. వారితో కలిసి పనిచేసిన మరికొందరు ఏకాంతవాసమున ఉండవలసివచ్చును. గర్భిణులను, వయస్సు మీరినవారిని, మధుమేహము గలవారిని రోగులకు దూరముగా ఉంచవలసివచ్చును. పదునాలుగు దినముల విధి, పదునాలుగు దినముల ఏకాంతవాసము అను పద్ధతి అమలైన చోట్ల ఒకరు చేయు పనికి ఇద్దరు కావలసివచ్చిరి. బస్సులు, ప్యాసింజరు రైళ్ళు నిలిచిపోవుటచే గుడివాడలో ఇల్లు, బందరులో ఉద్యోగము గలవారికి రాకపోకలు దుర్లభమైనవి. మన రాష్ట్రమున ఆర్టీసీ బస్సులు మరల కదలినది మే 21న. వైద్యుడు ఎట్లో కారులో చేరును. ఊడ్చు ఆయాకు, మంచము త్రోయు వార్డుబాయికి కారు ఎక్కడిది? వారు రానినాడు వైద్యుని చేయియు ఆడదు.

ఇతర రోగములు మనకొరకు ఆగవు. దివిసీమలో నాట్ల కాలమున పాముకాట్లు ఎక్కువ. 2018 ఆగస్టులో అవనిగడ్డ పరిసరములలో అవి ఒక్కసారిగా పెరిగి అందరిని కలవరపెట్టినవి. మహమ్మారి వచ్చినదని త్రాచుపాము వరిచేనిలో కాటువేయుట మానునా? ప్రసవములు ఆగునా? గుండెనొప్పి, డయాలసిస్ వాయిదా పడునా? ఒక వ్యాధికి పదిమంది పరిచారకులను తీసికొనినచో మిగిలిన వ్యాధులకు ఆ పదిమంది లేనట్లే.

2021 వేసవిలో రెండవ అల వచ్చినప్పుడు ఈ కొరత ఎంత తీవ్రమైనదనగా, మే 3న కేంద్రప్రభుత్వము వైద్యుల ఉన్నతవిద్యా ప్రవేశపరీక్షను కనీసము నాలుగు మాసములు వాయిదా వేసి, చివరి సంవత్సరపు వైద్య విద్యార్థులను సైతము పెద్దల పర్యవేక్షణలో సేవకు వినియోగించుటకు నిశ్చయించినది. మన ఊళ్ళలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, వాలంటీర్లు జ్వరముల సర్వే నిమిత్తము గడపగడపకు తిరిగిరి. 2020 జనవరి మొదలు 2021 మే వరకు లోకమంతట 80,000 నుండి 1,80,000 మంది ఆరోగ్య సిబ్బంది ఈ వ్యాధికి బలియైరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశమున మొదటి అలలో సుమారు 750 మంది, రెండవ అలలో 2021 జూన్ నాటికే ఏడువందలకు పైగా వైద్యులు మరణించిరని భారత వైద్య సంఘము ప్రకటించినది. ఇవి వైద్యుల లెక్కలు మాత్రమే. నర్సులు, ఆయాలు, అంబులెన్సు డ్రైవర్లు ఈ లెక్కలో లేరు.

మా మేడమీది నర్సమ్మ

ఇప్పుడు నా దోషమును చెప్పెదను. బందరులో మా మేడమీది వాటాలో ఒక నర్సు అద్దెకుండెడిది. ఆమె పసిబిడ్డ దివిసీమలో అమ్మమ్మగారి దగ్గర. 2020 ఆగస్టులో కేసులు పెరిగినప్పుడు ఆమెకు కోవిడ్ వార్డు పని పడినది. నాకు భయము కలిగినది. ఒకనాటి సాయంత్రము మెట్లదగ్గర ఆమెను ఆపి, "అమ్మాయీ, మీ పిన్నిగారికి షుగరు. నాలుగు రోజులు ఎక్కడైనా వేరే ఉండరాదూ?" అంటిని. ఆమె ఒక్కమాటయు అనక, "సరేనండీ బాబాయిగారూ" అని సంచి సర్దుకొని పోయినది.

మూడవనాడు ఈ సంగతి మా ఇంటి ఇల్లాలికి తెలిసినది. "నా పేరు చెప్పి ఆ పిల్లను పంపించారా? రేపు నాకే వస్తే ఆసుపత్రిలో నా పక్కన ఎవరుంటారు? మీరుంటారా?" అని అడిగినది. నలుబది సంవత్సరములుగా నాలుగు పాదములను గూర్చి విద్యార్థులకు చెప్పుచున్న నేను, ఇంటిలో ఉన్న ఒక పాదమును నా చేతులతోనే విరిచితినని అప్పుడు తెలిసినది. వెళ్ళి ఆమెను పిలుచుకొని వచ్చితిని. ఆ మూడు రాత్రులును ఆమె పనిచేయు చోటనే ఒక బల్లమీద పడుకొన్నది.

ఆమె ముక్కుమీద, చెక్కిళ్ళమీద మాస్కు ఒత్తుకొని పుండ్లు పడియున్నవి. మూత్రము మంటగా, బొట్టుబొట్టుగా వచ్చుచున్నదని మా ఇల్లాలితో మెల్లగా చెప్పినది. కారణమడుగగా, ఆరుగంటలు ఆ రక్షణ దుస్తులలో ఉండవలెననియు, మధ్యలో విప్పినచో మరియొక జత వ్యర్థమగుననియు, కనుక తెల్లవారినది మొదలు నీరు త్రాగుట మానివేసితిననియు చెప్పినది.

వేగధారణము: పరిచారకుల అసలు వ్యాధి

ఆ మాట విన్నంతనే నాకు చరక సూత్రస్థానము ఏడవ అధ్యాయము స్ఫురించినది. శరీరమునకు పదుమూడు సహజ వేగములు గలవు. మూత్రము, పురీషము, శుక్రము, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమ వలన కలుగు నిశ్వాసము. వీనిని బలవంతముగా ఆపరాదు. ఆపిన రోగములు పుట్టును. మూత్రమును ఆపిన పొత్తికడుపునొప్పి, మూత్రకృచ్ఛ్రము, శిరోవేదన కలుగును. దప్పికను ఆపిన నోరు, గొంతు ఎండి ఆయాసము కలుగును. నిద్రను ఆపిన ఒళ్ళునొప్పులు, మగత, కన్నులబరువు కలుగును.

మహమ్మారి కాలపు నర్సు ఈ వేగములలో ఎన్నిటిని ఆపుచున్నదో లెక్కింపుడు. ఆకలి, దప్పిక, మూత్రము, నిద్ర, మాస్కు వెనుక రొప్పు. చివరిది కన్నీరు. అయినవారు ఎవరును దగ్గరలేక ప్రాణము విడుచు రోగి చేయి పట్టుకొని, కన్నీరు తుడుచుకొనుటకును వీలులేక నిలువబడినవారు వారు. కన్నీటిని ఆపిన హృద్రోగము, భ్రమ, అరుచి కలుగునని శాస్త్రము. విధులు ముగిసిన ఎన్ని మాసములకో వారిలో కొందరికి గుండెదడ, నిద్రలేమి, ఉలికిపాటు కనబడుట నేను చూచితిని. దీనిని బలహీనత అనరాదు. అది వేగధారణ ఫలము.

ఇంటిలో చేయదగిన పరిచర్య

మీ ఇంటిలో గాని ఇరుగుపొరుగున గాని నర్సు, ఆశా కార్యకర్త, అంబులెన్సు డ్రైవరు, లేక రోగిని కనిపెట్టుకొని యున్న కుటుంబసభ్యుడు ఉన్నచో ఈ క్రింది ఉపచారములు చేయుడు. ఇవి సంక్రమణమును ఆపు మందులు కావు. దానికి టీకా, మాస్కు, గాలి వెలుతురు గల గదులే శరణ్యము. ఇవి అలసినవారిని నిలబెట్టుటకు మాత్రమే.

1. దప్పిక, ఒళ్ళుమంటలకు: రెండు చెంచాల ధనియములను నలుగగొట్టి, గ్లాసుడు నీటిలో రాత్రి నానవేసి ఉదయమున వడగట్టి, కలకండ కలిపి ఇచ్చునది. మధుమేహులకు కలకండ వలదు. విధినుండి వచ్చినంతనే చల్లనినీరు గటగట త్రాగనీయక, ఉప్పు వేసిన పలుచని మజ్జిగయో, గంజియో కొద్దికొద్దిగా ఇవ్వవలెను.

2. మూత్రపు మంటకు: ఎండిన పల్లేరుకాయలు 10 గ్రాములు దంచి, రెండు గ్లాసుల నీటిలో వేసి అరగ్లాసు మిగులునట్లు కాచి వడగట్టి, ఉదయము, సాయంత్రము మూడుదినములు సేవించవలెను. నీరు ధారాళముగా త్రాగవలెను. గర్భిణులు దీనిని వాడరాదు. చలిజ్వరము, నడుమునొప్పి, మూత్రమున రక్తము ఉన్నచో కషాయముతో కాలము గడుపక ఆనాడే ఆసుపత్రికి వెళ్ళవలెను. మా మేడమీది అమ్మాయిని నేను మొదట మూత్రపరీక్షకే పంపితిని.

3. మాస్కు పుండ్లకు శతధౌత ఘృతము: 50 గ్రాముల ఆవునేతిని రాగిపళ్ళెరమున వేసి, కొద్దిగా నీరు పోసి అరచేతితో రుద్ది ఆ నీటిని పారబోయవలెను. ఇట్లు నూరుసార్లు చేసిన నెయ్యి వెన్నవలె తెల్లబడి చల్లదనము నిచ్చును. ఇది పైపూతకు మాత్రమే, లోనికి పనికిరాదు. విధి ముగిసిన పిమ్మట రాయవలెను. విధికి ముందు రాసినచో జిడ్డువలన మాస్కు సరిగా అంటుకొనదు. రసి కారు పుండ్లకు వాడరాదు.

4. రాత్రి విధులు చేయువారికి: రాత్రి ఎంతసేపు మేలుకొనిరో అందు సగముకాలము, ఉదయము భోజనము చేయకమునుపే నిద్రించవలెనని వాగ్భటుడు చెప్పెను. పడుకొనుటకు ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళు మర్దించిన నిద్ర చక్కగా పట్టును. ఆ సమయమున ఇంటిలో మిక్సీ, టీవీ, కాలింగ్‌బెల్లు మ్రోగకుండ చూచుట మిగిలినవారి ధర్మము. ఇంతకు మించిన ఔషధము లేదు.

5. జ్వరము తగ్గి నీరసించినవారికి: మొదట గంజితేట, పిదప పలుచని జావ, పిదప పెసరకట్టుతో మెత్తని అన్నము. అగ్ని పెరిగినకొలది ఆహారమును పెంచవలెను. జ్వరము వదలిననాడే బలమునకై మాంసము, తీపివంటకములు పెట్టి మరల పడవేయుచున్నవారు అనేకులు.

6. కషాయముల మితము: తులసి, శొంఠి, దాల్చినచెక్క, మిరియాలతో కాచిన కషాయము గొంతునకు హితమే. కాని ఉక్కపోతలో దినమునకు అయిదారు మారులు త్రాగి, నోటిపూత, కడుపుమంటలతో నావద్దకు వచ్చినవారిని ఆ రెండు వేసవులలో చాల చూచితిని. దినమునకు ఒకమారు చాలును. పైత్యప్రకృతి గలవారు మిరియములు తగ్గించవలెను.

నాలుగవ పాదము మనమే

రోగికి నాలుగు గుణములుండవలెనని చరకుడు చెప్పెను. జ్ఞాపకశక్తి, చెప్పినది చేయుట, ధైర్యము, తన బాధను దాచక తెలుపుట. ఈ నాలుగును ఉన్న రోగి వైద్యుని కాలమును మిగుల్చును. జ్వరము ఏనాడు మొదలైనదో, ఏ మందులు వాడుచున్నారో ఒక కాగితముపై వ్రాసి తీసికొనిపొండు. దగ్గును, జ్వరమును దాచి వరుసలో నిలుచున్నవాడు తన ముందున్న నర్సును విధికి దూరము చేయుచున్నాడని తెలిసికొనుడు. ఇంటివద్ద తీరు చిన్న బాధలకు ఆసుపత్రికి పరుగిడరాదు. రొప్పు, ఛాతినొప్పి, మగత కలిగినప్పుడు ఇంటివద్ద నిలువరాదు. ఈ రెండును సమానమైన తప్పులే.

సిబ్బందిపై చేయిచేసికొనినవారికి మూడు మాసములనుండి అయిదు సంవత్సరముల వరకు శిక్ష విధించుటకు 2020 ఏప్రిల్ 22న అత్యవసర శాసనము తేవలసివచ్చినది. చప్పట్లు కొట్టిన జనమే రాళ్ళును విసరినందున ఈ శాసనము అవసరమైనది.

బందరులో 2023 సెప్టెంబరు 15న ప్రభుత్వ వైద్య కళాశాల 150 సీట్లతో ప్రారంభమైనది. ఆ విద్యార్థులు వైద్యులై మన ప్రాంతముననే నిలిచినచో ఔషధములను ముందుగా సేకరింపుమన్న ఆత్రేయుని మాట మన విషయమున నెరవేరినట్లే. కాని వారు నిలుచుటకు అద్దె ఇల్లు ఇచ్చు గృహస్థులును కావలెను.

మా మేడమీది అమ్మాయి ఆ తరువాత రెండవ అలలోను పనిచేసినది. ఇప్పుడు బిడ్డతోసహా ఆ వాటాలోనే ఉన్నది. రాత్రి విధినుండి వచ్చిన ఉదయములందు మా ఇంటి మిక్సీ పదిగంటల వరకు మ్రోగదు.

ఈ పాఠమున గుర్తుంచుకొనవలసినవి

చికిత్సకు పాదములు నాలుగు. సంక్రమించు వ్యాధిలో మొదట కుంగునది పరిచారక పాదము. వారి ప్రధాన వ్యాధి వేగధారణము. నీరు, నిద్ర, ఆహారము, ఒక మంచిమాట దానికి చికిత్స. పరిచారకులను శాంతికాలమున పోషించి ఉంచుకొన్న ఊరే ఉపద్రవకాలమున నిలుచును.